చెయ్యి చాలని చెంప

ముద్దాయిలు మీరు.

ఈ పత్రిక మడిచి పక్కన పెట్టి ఫోన్ అందుకునే మీరే. శవపేటికలో పడుకున్న ఒక మనిషి, అతని చెంప మీద ఒక ఆడమనిషి చెయ్యి, నీలం పరదా గుండా దిగిన వెలుతురు. ఆ ఫోటో మీ బొటనవేలి కిందకి వచ్చింది. ఒక్క క్షణం ఆగారు. ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అనుకున్నారు. ఎర్ర గుండె నొక్కి పైకి తోసేశారు, దాని కింద వచ్చిన గోంగూర పచ్చడి చూశారు. అతని పేరు అడగలేదు. ఎట్లా పోయాడని అడగలేదు. సున్నపు బట్టీలో బతుకంతా ఉడికిన మనిషి మొహం అంత నున్నగా ఎందుకుందని లక్షలమందిలో ఒక్కరికి అనుమానం రాలేదు. బట్టీ ఓనరు సుధాకర్ చేసింది చేశాడు, వాడి పాపం వాడిది. కానీ వాడి చేతికి సాక్ష్యం అందించింది మీ గుండెలే.

మొదటినుంచీ వస్తున్నవాళ్లకు సంగతి తెలుసు. ఇవాళే వచ్చినవాళ్లు ఇట్లా కూర్చోండి, రెండు ముక్కల్లో చెబుతాను. నరసరావుపేటలో ఖలందర్‌ది పాత ఫోటో స్టూడియో. కొడుకు అయాజ్ పెళ్లిళ్లకీ చావులకీ తిరిగి ఫోటోలు తీస్తాడు, తన సరదాకి తీసినవి ‘పల్నాటి వెలుతురు’ అనే పేజీలో పెడతాడు. గురజాల దారిలో సున్నపు బట్టీ కూలి కోటయ్య చనిపోతే, పెట్టె మూసేముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి తీయించుకునే ఫోటోకి అయాజ్‌ని పిలిచారు. క్రైస్తవుల ఇళ్లల్లో అది ఆనవాయితీ. ఆ ఫోటోలు తీశాక, కోటయ్య భార్య ఫిలోమినా ఒక్కతే పెట్టె పక్కన ఉండగా ఇంకొకటి తీశాడు. అడగకుండా పేజీలో పెట్టాడు. కింద ‘శాంతి’ అని ఒక్క మాట రాశాడు. పేజీ పేలింది. విజయవాడలో ఫోటోల ప్రదర్శనవాళ్లు ఆ బొమ్మని నిలువెత్తు చేసి గోడకి పెడతామన్నారు, పేజీకి జనాన్ని ఎట్లా సంపాదించావో కుర్రవాళ్లకి చెప్పమన్నారు. ఆ సభకి వేసుకోవాల్సిన చొక్కా అయాజ్ ఇస్త్రీ చేసుకుంటుండగా ఫిలోమినా స్టూడియో మెట్లెక్కడం దగ్గర పోయినవారం మిమ్మల్ని వదిలాను.

మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ ఎండలో నిలబడింది ఫిలోమినా. ముదురాకుపచ్చ చీర, చేతిలో గుడ్డ సంచి. సున్నానికి పగిలిన వేళ్లు.

అయాజ్ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. ఆమె ఎప్పుడో ఒకరోజు వస్తుందని అతనికి తెలుసు. వచ్చి తిడుతుందని తెలుసు. నా మొగుడి శవాన్ని ఊరూరా తిప్పుతావా అంటుందని, అప్పుడు తను కాళ్లు పట్టుకుంటానని, ఫోటో తీసేస్తానని, రెండు కన్నీళ్లతో ఇద్దరి గుండెలూ తేలికవుతాయని లోపల ఎన్నోసార్లు నడిపించుకున్నాడు. విజయవాడ వెళ్లొచ్చాక వస్తే బాగుండేదని మాత్రం ఇప్పుడు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు.

ఫిలోమినా స్టూలు మీద కూర్చుంది. ఆమె పెళ్లి ఫోటో తీసింది ఖలందరే. అప్పటినుంచీ ఆమెకి ఆయన అన్న, ఆయన కొడుకు అల్లుడు.

“పెద్దోడివయ్యావంటగా అల్లుడూ,” అంది. “మా బట్టీ ఆడోళ్ల ఫోన్లన్నిట్లోనూ నువ్వే. మీ మామ బతికుండగా ఒక్కడూ ఇంటికొచ్చి మంచినీళ్లు తాగలా. ఇప్పుడు చానామందికి చుట్టమయ్యాడు.”

అయాజ్ తల దించుకున్నాడు. “అడక్కుండా పెట్టా అత్తా. తప్పే. ఇప్పుడే తీసేస్తా.”

“తియ్యమని నేనన్నానా?”

అతనికి అర్థం కాలేదు. లోపల నడిపించుకున్న నాటకంలో ఈ మాట లేదు.

“ఆ పెద్ద తెర మీద పెట్టు. ఫోనులో నాకు సరిగ్గా ఆనటల్లా.”

కంప్యూటర్ తెరిచాడు. ఫోటో తెర నిండా వచ్చింది. పరదా నీలం కోటయ్య నుదుటి మీద చెరువు నీటిలా పరుచుకుని ఉంది. కుడి చెంప మీద ఫిలోమినా చెయ్యి. చేతి కింద, వేళ్ల సందుల్లో, దవడ కింద, మెడ మీద, అంతటా ఒకే తీరు నున్నటి చర్మం. మూలన కుర్చీలో కునుకుతున్న ఖలందర్ కూడా లేచి కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. శుక్లాలు ముదిరినప్పటినుంచీ ఆయన బయటి పనులకు వెళ్లడం మానేశాడు.

ఫిలోమినా చాలాసేపు చూసింది.

“ఇది ఎవరు?” అంది.

“అదేంటత్తా. కోటయ్య మామ.”

“మీ మామకి మెడంతా కాలి తోలూడింది. పెట్టె దగ్గర మూరెడు దూరాన నిలబడ్డావు. చూశావా, లేదా?”

అయాజ్ తెర మీదనుంచి చూపు తిప్పుకున్నాడు.

ఆ పొద్దున లేబర్ ఆఫీసులో ఏం జరిగిందో ఆమె చెప్పింది. ఏడవకుండా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. పచ్చిసున్నం మీద నీళ్లు కొడుతుంటే కుప్ప పొంగి కోటయ్య మొహం మీదకి చిమ్మిందని ఆమె అర్జీ పెట్టుకుంది. సుధాకర్ ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి కూర్చున్నాడు. కోటయ్య ఆ రోజు పనికే రాలేదన్నాడు. గుండెనొప్పితో ఇంట్లోనే పోయాడన్నాడు. ఆ రోజు ఫిలోమినా మిరపకోతకి వెళ్లింది కాబట్టి కళ్లతో చూసిన మనిషి కాదు. చూసిన కూలీలు నోరు విప్పలేదు. బట్టీ మేస్త్రీ మీరా సాహెబు, అయాజ్‌కి సొంత మేనమామ, తను ఆ రోజంతా మాచర్లలో పెళ్లిలో ఉన్నానని చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు. శవాన్ని ట్రాక్టరులో ఇంటికి తెచ్చి దించిందే ఆ మీరా సాహెబని ఫిలోమినా మొత్తుకుంది. ఆఫీసరు రుజువేదమ్మా అన్నాడు. అప్పుడు సుధాకర్ జేబులోంచి ఫోన్ తీసి ఈ ఫోటో ఆయన ముందు పెట్టాడు.

“ఆ సారు రెండు వేళ్లతో సాగదీసి సాగదీసి చూశాడు,” అంది ఫిలోమినా. “ఎక్కడమ్మా కాలింది, వేళ్ల సందుల్లో కూడా నున్నగానే ఉందిగా అన్నాడు. సుధాకరు నవ్వుతా అన్నాడు, లక్షలమంది చూశారు సార్, ఒక్కళ్లన్నా కాలిందన్నారా అని. నేనేం చెప్పను అల్లుడూ? ఆ చెయ్యి నాదే. ఆ మొహం నా మొగుడిదే. కాదని ఎట్టా అనను?”

ఖలందర్ గొంతు సవరించుకున్నాడు. అందులో కొడుకుని కాపాడుకునే తొందర ఉంది. చనిపోయినవాళ్ల ఫోటో ఉన్నదున్నట్టు ఇంటివాళ్ల చేతిలో పెట్టకూడదని అయాజ్‌కి నేర్పింది తనేనన్నాడు. రీలు కాలంలో ఆయన నెగెటివ్ మీద బ్లేడు మొనతో గీకి, పెన్సిలుతో దిద్ది, శవాల ముక్కుల్లో దూది తీసేసేవాడు. మూసిన కళ్లు తెరిపించేవాడు. ఎండకి కమిలిన మొహాలకి నిగారింపు తెచ్చేవాడు. పల్నాడులో సగం ఇళ్ల గోడల మీద దండలేసుకుని చూస్తున్న కళ్లు ఖలందర్ గీసినవే.

ఫిలోమినా మొహంలో ఒక్క నిమిషం పాతకాలం కదిలింది.

“మా అత్తకి నువ్వే తెరిపించావుగదన్నా. మనిషికి పుట్టు మెల్లకన్ను. నువ్వు రెండూ తిన్నగా పెట్టావు. మా ఆయన ఇంటికి తెచ్చాక, ఎవరిదో మారింది, వాపసిచ్చి రమ్మని నన్ను తరిమాడు.”

ఖలందర్ నవ్వబోయి ఆగాడు.

“నీ చేతి మీద నాకేం కోపం లేదన్నా. ఇంట్లో పెట్టుకునే ఫోటోలో దెబ్బ ఎవరికి కావాలి? మా చిన్నారికి వాళ్ల నాన్న అట్టా కనబడకూడదనే నేనూ అనుకున్నా.” ఆమె అయాజ్ వైపు తిరిగింది. “ఇంటికిచ్చేది తుడిచావు, సరే. ఊరందరికీ పెట్టినదాంట్లో ఎందుకు తుడిచావు?”

చెప్పడానికి అతని దగ్గర మంచి మాటలున్నాయి. అలవాటున చేయి పోయింది అనొచ్చు. చనిపోయిన మనిషి పరువు అనొచ్చు. తండ్రి ఇప్పుడే ఆ దారి వేసి పెట్టాడు కూడా. కానీ ఆ ఫోటో పెట్టిన సాయంత్రం అతనికి బాగా గుర్తుంది.

రెండేళ్లపాటు ఆ పేజీని ఎవరూ చూడలేదు. కొండవీడు కోట గోడ మీద మంచు తెరలు దిగుతుంటే తీశాడు. అమరావతిలో కృష్ణ మీద పొద్దు పొడవడం తీశాడు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల్ని మేడ మీదనుంచి తీశాడు. ప్రతిదాని కిందా వినుకొండలో ఉన్న అతని పిన్ని ‘సూపర్ నాన్నా’ అని రాసేది. ఆ పిన్ని తప్ప ఎవరూ లేరు. తర్వాత అతను ఫోటోలు చూడడం మానేసి, ఫోటోలు చూసే జనాన్ని చూడడం మొదలుపెట్టాడు. బస్టాండులో, టీ కొట్టు దగ్గర, వాళ్ల వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయో పక్కనుంచి గమనించాడు. కొండ దగ్గర వేలు ఆగదు. మొహం దగ్గర ఆగుతుంది. ముడతల మొహం దగ్గర ఇంకాస్త ఆగుతుంది. ఏడుపు అందంగా ఉంటే ఆగుతుంది. పుండు కనబడితే మాత్రం అంతే వేగంగా పారిపోతుంది. ఈ చదువు అతనికి ఎవరూ చెప్పలేదు, తనే నేర్చుకున్నాడు, నేర్చుకున్నందుకు గర్వపడ్డాడు.

ఆ సాయంత్రం తెర మీద రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. కాలినదీ, తుడిచిందీ. మొదట కాలినదాని మీదే బాణం గుర్తు పెట్టాడు. అదీ నిజం. పెట్టి, ఆలోచించాడు.

“మచ్చ ఉంటే జనం ఆగరత్తా,” అన్నాడు అయాజ్.

ఆ మాట బయటికి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. ఖలందర్ కొడుకు మొహంలోకి చూశాడు. కళ్లు సరిగ్గా కనబడని ఆ మనిషి ఆ రోజు సరిగ్గానే చూశాడు.

“నేను ఇంటోళ్ల కోసం తుడిచేవాణ్ణిరా,” అన్నాడు నెమ్మదిగా. “నువ్వు గిరాకీ కోసం తుడిచావు.”

ఇస్త్రీ చేసిన చొక్కా బల్ల మీదనుంచి కిందకి జారింది. ఎవరూ తీయలేదు.

ఫిలోమినా తన కుడి అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ మాట్లాడింది. చెప్పడం ఆమెకి కష్టంగా ఉంది.

“నిన్నొక్కణ్ణే అంటం లేదు. ఆ రోజు మీ మీరా మామ నా చెవులో ఏం చెప్పాడో తెలుసా? దెబ్బ ఎవరికన్నా కనబడితే పోలీసులొస్తారమ్మా, శవాన్ని తీసకపోయి కోస్తారు, నోరు మూసుకుని మట్టి చేసుకో, ఓనరు చూసుకుంటాడులే అన్నాడు. నేను విన్నా. ఫాదర్ గారు అడిగితే కూడా గుండెనొప్పి అనే చెప్పా.” ఆమె తెర మీది చేతిని చూపించింది. “అందరూ ఏందేందో రాశారంటగా దీని కింద. కడసారి నిమరటం అని, ప్రేమ అని. మా చిన్నారి చదివి వినిపించింది. ప్రేమేం కాదు అల్లుడూ. నువ్వు కెమెరా ఎత్తావని కప్పా. దెబ్బ మీద చెయ్యేసి కప్పా. నా చెయ్యి చాల్లా. మిగిలింది నువ్వు తుడిచావు.”

చదివేవాళ్లూ, మీరు ఆ చేతికే గుండెలు నొక్కారు.

కింద వీధిలో పాత ఇనుప సామాన్లు కొనేవాడి మైకు అరుచుకుంటూ పోయింది. తర్వాత ఫిలోమినా సమాధి సంగతి చెప్పింది. సమాధి తవ్వించి పరీక్ష చేయించొచ్చని ఎవరో ప్లీడరు సలహా ఇచ్చాడట. మట్టిలో పడుకున్నోణ్ణి లేపనని చెప్పేసిందట. తెల్లారితే ఆఫీసరు ఆ అర్జీని కొట్టేసి ఫైలు కట్టేస్తాడు.

“తుడవకముందుది ఉందా?” అంది. “ఉంటే చూపించు. లేకపోతే లేదని చెప్పు, పోతా.”

అయాజ్ ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. కార్డు చెరిపేశాను, ఇంకో పెళ్లికి వాడేశాను అంటే నమ్ముతారు, ఈ పనిలో రోజూ జరిగేదే. ఆ అబద్ధం నాలుక కొసదాకా వచ్చింది. కళ్ల ముందు విజయవాడ గోడ కనబడింది, నిలువెత్తు ఫోటో కనబడింది. తుడిచాడని తెలిస్తే ఆ గోడ ఉండదు. పేజీలో ఉన్న జనం దొంగ ఫోటోలవాడని ఉమ్మేసి పోతారు. మళ్లీ పిన్ని ఒక్కతే మిగులుతుంది.

“ఉంది,” అన్నాడు.

తెరిచాడు.

దాన్ని నేను ఇక్కడ వర్ణించను. వర్ణిస్తే మీలో కొందరు పేజీ తిప్పేస్తారని నాకూ తెలుసు. ఆమె చేతి అంచు దాటి చెవినుంచి దవడ కిందుగా మెడదాకా ఏం ఉందో అది ఉంది. పౌడరు అద్దినా ఆగలేదు. ఖలందర్ కళ్లజోడు తీసేశాడు. ఫిలోమినా లేచి దగ్గరికి వెళ్లి తెర మీద ఆ మెడ దగ్గర వేలు పెట్టింది. ఈసారి కప్పడానికి కాదు.

“ఇదిగో,” అంది. “ఈయనే.”

కాసేపటికి ఆమె వేలు పక్కకి జరిగింది. ఫోటో ఎడమ అంచున, పరదా గుంజ వెనకగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పేజీలో పెట్టినదాంట్లో అక్కడ ఎవరూ లేరు, నీలం పరదా మడతలే ఉన్నాయి. అయాజే తుడిచాడు. ఫ్రేములో అడ్డంగా ఉన్నాడని, శాంతి చెడగొడుతున్నాడని, మన మామూయే కదా ఏమనుకుంటాడులే అని, ఒక్క నిమిషంలో తుడిచి పారేశాడు.

మీరా సాహెబు. మాచర్ల పెళ్లిలో ఉన్న మీరా సాహెబు. ఆయన కుడి చెయ్యి మోచేతిదాకా తెల్లటి కట్టు. కట్టు కింద వేళ్ల కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి.

అయాజ్ కుర్చీ వెనక్కి జరిగింది. తుడిచేటప్పుడు అతను మనిషిని చూశాడు గానీ చేతిని చూడలేదు. కోటయ్య మీద పడిన సున్నమే మామూ మీదా పడింది. అంటే పక్కనే ఉన్నాడు. లాగబోయాడేమో కూడా. కళ్లతో చూసిన సాక్షిని తన చేత్తో, చిన్న బ్రష్షుతో, పరదా రంగు పూసి తుడిచేశాడు.

ముందు తేరుకున్నది ఖలందర్. వచ్చి కొడుకు చేతిలో ఉన్న మౌస్ మీద తన చెయ్యి పెట్టాడు.

“చెల్లెమ్మా. మచ్చ చూపిద్దాం. ఊరందరికీ చూపిద్దాం, ఆఫీసుకి నేనే వస్తా. ఆ అంచున ఉన్నోణ్ణి మాత్రం కత్తిరించి పెడదాం. నా ఇంటిదాని తోడబుట్టినోడు. ఇద్దరు ఆడపిల్లలు. బట్టీ పోతే వాడికి బతుకు లేదు, సుధాకరు బతకనీయడు.”

ఫిలోమినా ఆయన్ని చూసింది. కోపం లేదు ఆ చూపులో, అదే ఖలందర్‌ని చెయ్యి తీసేలా చేసింది.

“నాకూ ఒక ఆడపిల్లుందిగదన్నా. వాళ్ల నాన్న ఆ రోజు పనికెళ్లకుండా ఇంట్లో పడుకుని పోయాడని కాయితంలో ఎక్కితే, దానికి నేనేం చెప్పను?” అంది. “నేను కప్పా. పిల్లోడు తుడిచాడు. ఇప్పుడు నువ్వు కత్తిరిస్తావా? ఇంకెంత మిగిలాడన్నా ఆయన?”

ఆమె అయాజ్ వైపు తిరిగింది.

“అల్లుడూ, నా ముందే పెట్టు. మెడతో పెట్టు, మీ మీరా మామతో పెట్టు. నేను కప్పానని రాయి. నువ్వెందుకు తుడిచావో నాకు చెప్పావే, ఆ మాట అట్టాగే రాయి. కోటయ్య అని పేరు రాయి. తెల్లారితే ఆ సారు ఫైలు కట్టేస్తాడు.”

అయాజ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రెండు ఫోటోలు ఎంచాడు, కాలినదీ తుడిచిందీ. ఫిలోమినా చెప్పిన మాటలు ఒక్కొక్కటే కొట్టాడు. ‘శాంతి’ అని రాసినచోట ‘కోటయ్య’ అని రాశాడు. తండ్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అయాజ్ బొటనవేలు పేజీలో పెట్టే నీలం గుర్తు మీదకి వచ్చి, గాలిలో, అక్కడే నిలిచిపోయింది. అదే వేలు. ఇన్నాళ్లూ గుండెలు లెక్కపెట్టుకున్న వేలు.

ఏం చూస్తున్నావురా అయాజ్. ఇద్దరు ఆడపిల్లల తండ్రి మామూ ఉన్నాడని తెలుసు. గోడ పోతుందని తెలుసు. అన్నీ తెలిసే ఆమె ముందు కూర్చున్నావు. నొక్కు.

మీరూ వినండి. వాడు నొక్కి, ఆ మెడ మీ వేలి కిందకి వస్తే, ఈసారి గుండె నొక్కమాకండి. ఆగండి. ఆ మనిషిది ఏ బట్టీ, ఓనరు ఎవరు అని అడగండి. లక్షలమంది ఒక్కసారి అడగండి.